డబ్బాకు పట్టని రోజులు

"ప్రమోదినీ, ఇయ్యాల ఏం రోజే?"

ఈ మాట అడిగేటప్పుడు గోడ క్యాలెండరు సరిగ్గా సుదర్శన్‌రావు తల వెనకే వేలాడుతూ ఉండేది. మెడ తిప్పితే కనిపిస్తుంది. కానీ మెడ తిప్పడం కన్నా కేక వేయడం అతనికి చవక. పొయ్యి దగ్గరినుంచి ప్రమోదిని "బేస్తారం, దశమి" అనేది. అని, మళ్లీ కూరలో గరిటె తిప్పుకునేది. చవకగా దొరికే సరుకును ఎవరూ జాగ్రత్త చేయరు. ఆ ఇంట్లో ప్రమోదిని జ్ఞాపకం అలాంటి సరుకు.

చొప్పదండి బస్టాండుకు నాలుగడుగుల దూరంలో వాళ్ల ఎరువుల దుకాణం, దుకాణం వెనకే ఇల్లు. ఊళ్లో రోజులు బాగాలేక భూములు కౌలుకిచ్చి వచ్చి, యూరియా బస్తాల మధ్య కొత్త బతుకు మొదలుపెట్టారు. పిల్లలిద్దరూ కరీంనగర్ హాస్టళ్లలో. నడవలో నులకమంచం మీద అత్తగారు సరళాదేవి. దుకాణానికి వచ్చే రైతులు గల్లా దగ్గరున్న సుదర్శన్‌రావును ధర అడిగేవాళ్లు. తలుపు సందులోంచి లోపలికి తొంగిచూసి, "అమ్మా, మిరుగు కార్తె ఎన్నడు?" అని ప్రమోదినిని అడిగేవాళ్లు. అత్తగారు మంచం మీదనుంచి ఏకాదశి ఎప్పుడని అడిగేది. తన పెళ్లిరోజేదో సుదర్శన్‌రావు కూడా ప్రమోదినినే అడిగేవాడు.

విత్తనాలు తూచి పోశాక రైతు దోసిలి పడితే ఇంకో పిడికెడు వేయడం ఆ దుకాణంలో ఆచారం. దాన్ని కొసరు అంటారు. కొసరు బిల్లులోకి రాదు. వేస్తే ఎవరూ మెచ్చుకోరు, వేయకపోతే మాత్రం మొహం మాడ్చుకుంటారు. తను పొద్దున లేచింది మొదలు చేసేదంతా కొసరేనేమో అని ప్రమోదినికి ఒక్కోసారి అనిపించేది. ఆ అనిపించడం కూడా ఎక్కువసేపు నిలిచేది కాదు. పాలు పొంగేవి.

తొంభై అయిదులో శివరాత్రికి ముందు, వాళ్ల ఊరి హనుమండ్లు కొడుకు కొమురెల్లి దుబాయినుంచి వచ్చాడు. పోయేటప్పుడు పాస్‌పోర్టు కాగితాలకు సుదర్శన్‌రావు మాటసాయం చేశాడు. ఆ మర్యాదకు ఒక నల్లటి డబ్బా తెచ్చి గల్లా మీద పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఉంది. మూత తెరిస్తే పైన బూడిదరంగు అద్దం, కింద బియ్యపు గింజలంత మీటలు.

"డిజిటల్ డైరీ అంటరు దొరా. ఫోను నంబర్లు, తారీఖులు అన్ని గిండ్లనే ఉంటయి. టయానికి అదే మొత్తుకుంటది. మా సేటు దీన్ని జేబుల్నుంచి తియ్యడు."

"నిద్రల గూడనా?" అన్నాడు సుదర్శన్‌రావు.

"నిద్రల దిండు కింద వెడ్తడు దొరా."

ఆ రోజు దుకాణం తొందరగా మూశారు. సుదర్శన్‌రావు నడవలో కుర్చీ వేసుకుని, భార్యకు పీట చూపించాడు.

"దా, కూసో. నీ నెత్తిల ఉన్నయన్ని ఒక్కొక్కటి చెప్పు. దీన్ల పెడత. ఇగ నీకు పరేషానే ఉండది."

ప్రమోదిని చెయ్యి తుడుచుకుని కూర్చుంది. ఆమెకు సంతోషమే అయింది. పెళ్లయి ఇరవై మూడేళ్లు, నీ తలలో ఏముందని ఎవరూ అడగలేదు. ఏది ముందు చెప్పాలో తెలియక కొత్తకోడలిలా చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"మొదలు నల్లా నీళ్లు" అంది.

"ఎన్నిటికొస్తయి?"

"పక్కింటి రామవ్వ బిందె సప్పుడు అయితే వచ్చినట్టు."

సుదర్శన్‌రావు తలెత్తి చూశాడు. "టైం చెప్పుమంటున్న."

"టైమెక్కడిది? ఒకనాడు ఆరు, ఒకనాడు ఎనిమిది. సప్పుడు ఇనుకుంట పని జేసుకోవాలె."

"గది ఎక్కది దీన్ల. ఇంకోటి చెప్పు."

"బాలవ్వ బిడ్డ నెలలు నిండినయి. అది నీళ్లాడితే బాలవ్వ పనికి రాదు. అంట్లు, బట్టలు..."

"ఏ తారీఖు?"

"గది కడుపుల ఉన్న పిల్లకెరుక."

మంచం మీద సరళాదేవి కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. సుదర్శన్‌రావు నవ్వలేదు. "ఎక్కది" అన్నాడు.

"వాన గట్టిగ పడ్డంక మూడోనాడు యూరియాకు జనం వస్తరు. ఆనాడు పొద్దుగాల్నే పెద్ద గిన్నెల వండాలె, దూరమోళ్లు తినిపోతరు గద."

"వాన ఏ తారీఖున పడ్తదే?"

"మామిడికాయ తొక్కు. కాయకు టెంకె ముదిరినంక, గాలిదుమారం రాకముందు."

"టెంకె, దుమారం... గిదేం టైమే?"

"గదే టైము" అంది ప్రమోదిని.

సుదర్శన్‌రావు డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఓపికగా చెప్పాడు. "చూడు, దీనికి తెలుగు రాదు. ఇంగ్లీషుల కొట్టాలె. పేరు పొడుగుంటె సగానికే తెగుతది. దినం, టైం, పేరు, గంతే. గిది అయినంక గది అనేటిది దీన్ల లేదు. అయితే, కాకపోతే అనేటిది లేదు. అమాస పున్నం సుత లేవు."

"మరి ఉన్నదేంది?" అని మంచం మీదనుంచి సరళాదేవి అడిగింది.

ప్రమోదిని చెబుతూ పోయింది. అతను ఎక్కదంటూ పోయాడు. ఏడాదికోసారి దుకాణంలో సరుకంతా దించి చూస్తారు. పైన కనిపించే బస్తాల వెనక, గోడవారగా, ఎప్పుడు చేరాయో తెలియని మూటలు బయటపడుతుంటాయి. ఆమె లోపలినుంచి అలాగే బయటికి వస్తున్నాయి. పెద్దోనికి పరీక్షలు దగ్గరపడితే కడుపులో నొప్పి వస్తుంది, ఆ వారం వామపొడి పంపాలి. ఆడబిడ్డ దేవకి ఫోన్ చేసి రెండుసార్లు దగ్గితే ఇంట్లో గొడవైనట్టు, మర్నాడు తనే ఫోన్ చేయాలి. భర్తకు ఎండలు ముదిరితే కోపం ఎక్కువ, ఆ నెలల్లో మజ్జిగ ముందు, మాట తర్వాత. చివరిది ఆమె పైకి చెప్పలేదు. చెప్పినవీ చెప్పనివీ కలిపి చూసుకుంటే ఆమెకు కళ్లు తిరిగినట్టయింది. ఇంత బరువు మోస్తున్నానని ఆమెకే తెలియదు. డబ్బా వద్దన్నకొద్దీ, తన దగ్గర ఎంతుందో తెలిసివచ్చింది.

ఎక్కినవి కొన్ని ఉన్నాయి. పుట్టినరోజులు, కరెంటు బిల్లు, హాస్టలు ఫీజులు. మామగారి తిథి దగ్గర మాత్రం కాస్త వాదన జరిగింది.

"మొన్న బాపు తిథి ఎన్నడు చేసినం?"

"డిసెంబర్ ఇరవై రెండు. గని అది తారీఖు కాదు. మార్గశిర బహుళ పంచమి. ఏటేటా మారుతది, పంచాంగం చూస్కోవాలె."

"నాకెరుక లేదానే? ఇరవై రెండు కొట్టిన. ఏటేటా దానంతటదే మొత్తుకుంటది." మూత టక్కున మూశాడు. "అయిపాయె. అన్ని నాకప్పజెప్పినవు. ఇగ నువ్వేం యాదికుంచుకోకు."

బస్తా తూకమై గడప దాటిందంటే ఆ తర్వాత బాధ్యత కొన్నవాడిది. దారిలో చినిగినా, వానకు తడిసినా అమ్మినవాడిని అడిగే పద్ధతి లేదు. ఆ దుకాణం వెనకే ఇన్నేళ్లు బతికిన ప్రమోదిని, భర్త మాటను అలాగే తీసుకుంది. అప్పజెప్పినది అప్పజెప్పినట్టే. ఆ రోజు పడుకున్నప్పుడు, గంప దించాక తల ఎలా తేలిపోతుందో అలా తేలిపోయింది. నిద్ర తొందరగా పట్టలేదు.

డబ్బా మొత్తుకోవడం మొదలుపెట్టింది. సన్నగా, పురుగు కూసినట్టు. సుదర్శన్‌రావు గల్లా దగ్గరినుంచి కేకేసేవాడు, "ప్రమోదినీ, అది మొత్తుకుంటున్నది, కరెంటు బిల్లట, దేవులాడు." ఆమె వెళ్లి బిల్లు వెతికిచ్చేది. "ప్రమోదినీ, చిన్నదాని పుట్టినరోజట, ఫోన్ చెయ్." ఆమె చేసేది. గుర్తు చేసేదొకటి, గుర్తొచ్చిందని గొప్పపడేవాడొకడు, పని మాత్రం ఎప్పటిలాగే ఆమెది. అయినా ఒకటి మారింది. ఆ కూత వినిపించేదాకా ఆమె తలలో ఏమీ ఉండేది కాదు. ఇన్నేళ్లూ అక్కడ ఒక సంత జరుగుతుండేది. ఇప్పుడు సంత లేచిపోయి, ఖాళీ మైదానంలో గాలి తిరుగుతోంది.

మధ్యాహ్నాలు భర్త పడుకున్నాక ఆమె దుకాణంలో కూర్చునేది. ఎండాకాలం మధ్యాహ్నాలు. యూరియా ఘాటు, గోనె సంచుల వాసన, రోడ్డు మీద ఎప్పుడో ఒక బస్సు. గల్లా మీద డబ్బా ఉండేది. ఒకరోజు తెరిచి, నెల కనిపించే మీట నొక్కింది. అద్దంలో చిన్నచిన్న నల్లటి అంకెలు వరుసలు కట్టి నిలబడ్డాయి. పండుగ లేదు, చంద్రుడు లేడు, ఎర్రగా ఏ రోజూ లేదు. అన్ని రోజులూ ఒక్కటే తూకం. ముందుకు పోయే మీట నొక్కితే ఆ నెల జారిపోయి ఇంకోటి వచ్చింది. నొక్కుతూ పోయింది. రెండువేలు దాటింది. రెండువేల ఇరవై దాటింది. ఎవరూ ఇంకా అడుగుపెట్టని నెలలు, కడిగి బోర్లించిన గిన్నెల్లా వరసగా వస్తున్నాయి. ఆ నెలల్లో ఎవరికీ ఆకలి కాదు. ఎవరి చొక్కాకూ గుండీ ఊడదు. ఒక నెలలో ఆగి, ఒక అంకె మీద వేలు పెట్టి, ఈ రోజున నేను ఏం చేస్తుంటాను అనుకుంది. ఏమీ తోచలేదు. ఆ ఏమీ తోచకపోవడం ఎంత చల్లగా ఉందో.

ఇంకో మధ్యాహ్నం వెనక్కి నొక్కింది. పిల్లలు పుట్టిన ఏళ్లు దాటిపోయాయి, పెళ్లయిన ఏడు దాటిపోయింది. ఆ ఏళ్ల మీద ఆమె ఎక్కువసేపు నిలబడలేదు. పంతొమ్మిది వందల అరవై తొమ్మిది దగ్గర వేలు దానంతటదే ఆగింది.

అప్పుడామెకు పద్నాలుగేళ్లు. మంచిర్యాల పక్కన గోదావరి ఒడ్డు ఊరు. జై తెలంగాణ అంటూ బళ్లన్నీ మూతపడ్డ ఏడాది అది. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అంటూ నెలలు గడిచాయి. పొద్దున లేస్తే ఏం వారమో తెలిసేది కాదు, తెలియాల్సిన పనీ లేదు. చిన్నాయన కూతురు నర్మదా తనూ నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని మోటబావిలో దిగేవాళ్లు. మొదట్లో భయం. తర్వాత బుర్రలు విప్పేశారు. వెల్లకిలా తేలితే చెవులు నీళ్లలో మునిగేవి. పైన గుండ్రంగా కోసినట్టు ఆకాశం. గట్టు మీద ఎవరో పిలుస్తుంటే పెదవులు కదలడం కనిపించేది, మాట వినిపించేది కాదు. "ఏడాదంత నష్టమాయె బిడ్డా" అని బాపు బాధపడేవాడు. బడి లెక్కలో అది పోయిన ఏడే. ప్రమోదిని లెక్కలో మాత్రం, ఇప్పటిదాకా బతికిన బతుకులో మిగులంటూ కనిపించింది ఆ ఒక్క ఏడు. డబ్బాలో ఆ ఏటి నెలలు కూడా మిగతావాటిలాగే బోసిగా ఉన్నాయి. ఆమె ఒక్కో నెలలో ఆగి, కళ్లు మూసుకుని, చెవులు నీళ్లలో ముంచింది.

"అమ్మా, పొటాషున్నదా?" అని ఎవరో అడిగారు. రెండోసారి అడిగాక గాని ఆమెకు వినిపించలేదు.

అలా వానాకాలం వచ్చింది. బతుకమ్మ పోయింది, కోతలయ్యాయి. ఒక రోజు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. ఇంకోరోజు అత్తగారు ఏకాదశి ఎన్నడంటే, "చూసి చెప్త అత్తమ్మా" అంది. సరళాదేవి ఆమె వంక కాసేపు చూసింది.

డిసెంబరులో ఒక పొద్దున దుకాణంలో ఫోన్ మోగింది. మంచిర్యాలనుంచి దేవకి. ఆవిడ గొంతు ఫోను అవసరం లేకుండానే వినిపించేంతది.

"తమ్మీ, నిన్న బాపు తిథి మంచిగ అయిందా? అయ్యగారు టయానికే వచ్చిండా?"

సుదర్శన్‌రావు నవ్వాడు. "నిన్న ఏందక్కా? ఇంక పది రోజులున్నది. నా తాన మిషన్ల ఉన్నది."

"మిషనేందిరా పిచ్చోడా! పంచమి నిన్ననే పాయె. కన్నతండ్రిని ఉపాసం ఉంచినవా?"

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చేసరికి అతని మొహం పాలిపోయింది. ప్రమోదిని చేటలో బియ్యం ఏరుతోంది.

"నిన్న బాపు తిథట! నీకు యాదికి లేదా?"

ఆమె చెయ్యి ఆగింది. లోపల వెతుక్కుంది. ఆ తిథి ఎప్పుడూ ఉండేచోట ఏమీ లేదు. మేకు పీకి సున్నం పూసిన గోడలా నున్నగా ఉంది. నిన్న మామగారి పేరిట ముద్ద పెట్టలేదు. ఆయన తనను ఒక్కమాట అననివాడు. ఆ బాధ కింద, సిగ్గులేకుండా, ఒక తేలిక కదిలింది.

"లేదు" అంది.

"లేదా! ఇన్నేండ్లసంది నువ్వే చెప్తివి గద. ఒక్కమాట అంటె ఏం పోతుండె?"

"అప్పజెప్పిన గద."

"గా డబ్బకేం ఎరుక? అది మిషను!"

"మిషన్‌కు కాదు. మీకు అప్పజెప్పిన."

సుదర్శన్‌రావు చెప్పులేసుకుని అయ్యగారింటికి పోయాడు. గంట తర్వాత కొంచెం కుదుటపడి వచ్చాడు. వచ్చే అమావాస్యనాడు జరిపించవచ్చట, దోషం లేదట. నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, జేబులోంచి డబ్బా తీసి చేట పక్కన పెట్టాడు.

"ఇగ దీంతోని అయ్యేటట్టు లేదు. మళ్ల నువ్వే చూస్కో, ఎప్పటిలెక్కనే."

అతని గొంతులో కోపం లేదు. దయే ఉంది. పోయిన పదవి తిరిగి ఇస్తున్నట్టు అన్నాడు. ప్రమోదిని బియ్యంలోంచి ఒక మట్టిపెడ్డ తీసి పక్కన పెట్టింది.

"నాతోని కాదు" అంది.

"ఏందీ?"

"అందరియి నాతోని కాదు. మీ బాపు తిథి మీరే యాదికుంచుకోన్రి."

"ఇంట్ల ఆడిది ఉండంగ నేను పంచాంగం సంకల పెట్టుకొని తిరగాల్నా? నలుగురు నవ్వరా?"

"నవ్వితె నవ్వనియ్యిరి."

"నీకు బలుపెక్కింది" అని అతను దుకాణంలోకి పోయాడు. పోతూ నడవలో ఆగి, "అవ్వా, జర నీ కోడలికి చెప్పు" అన్నాడు.

ప్రమోదిని చేట పక్కకు పెట్టి కూర్చుంది. భర్త కోపం ఆమెకు లెక్క తెలిసిన సరుకే, రెండు రోజుల్లో కరుగుతుంది. ముసలావిడ సంగతి వేరు. పోయినది ఆవిడ భర్త. ఆవిడ ఒక్క కన్నీటిబొట్టు పెడితే, తను ఈ క్షణమే అన్నీ తిరిగి నెత్తికెత్తుకుంటుంది. అది ప్రమోదినికి తెలుసు. అందుకే నడవవైపు చూడటానికి భయపడింది.

"పిల్లా, ఇట్ల రా."

వెళ్లి మంచం పక్కన నిలబడింది.

"నిజంగనే మర్చిపోయినవా?"

"మర్చిపోయిన అత్తమ్మా. మీ మీదొట్టు. కావాల్నని కాదు."

సరళాదేవి తన బోసి మణికట్టును తడుముకుంది. "నేను మర్చిపోలే" అంది.

ప్రమోదినికి అర్థం కాలేదు.

"నిన్న లేవంగనే ఎరుక, పంచమి అని. నీకు చెప్దామని నోటిదాక వచ్చింది. మళ్ల అనుకున్న, దీనికెందుకు చెప్పాలె, తండ్రి వానికి గద. వానికే యాదికొస్తదేమో చూస్తమని కూసున్న. పగలైంది. పొద్దూకింది. వాడు తిన్నడు, పండిండు."

నిన్న రెండు పూటలా ఆకలి లేదని అత్తగారు కంచం పక్కకు జరపడం ప్రమోదినికి అప్పుడు గుర్తొచ్చింది. "ఉపాసం ఉన్నరా అత్తమ్మా?"

"ఒక్కదాన్నన్న ఉండాలె గద."

బయట ఏదో లారీ పోయింది. సరళాదేవి దిండుకు ఆనుకుంది.

"నీ ఈడు ఉన్నప్పటిసంది చూస్తున్న పిల్లా. ఒక్కటన్న మర్చిపోదామంటె నాతోని అయితలేదు. సచ్చినోళ్ల తిథులు, బతికినోళ్ల పుట్టుకలు, ఎవ్వలెవ్వలకు ఏం పడదో, అన్ని లోపట్నే. నీకు అప్పజెప్పిననుకున్న. ఏడ? ఇంక నా తాన్నే ఉన్నయి." ముసలావిడ ముందుకు వంగి, గొంతు తగ్గించింది. "నువ్వెట్ల మర్చిపోయినవే?"

ఆ అడగడంలో నిందలేదు. పొరుగింటి తొక్కు రుచి చూసి, ఎట్ల పెట్టినవే అని అడిగే గొంతు అది.

ప్రమోదిని ఆ మంచం మీద ఎప్పుడూ కూర్చోలేదు. ఇప్పుడు అత్తగారి పక్కన, నులక కిర్రుమనేలా కూర్చుంది.

"ఒక్కసారే అన్ని దిగయి అత్తమ్మా. ఒక్కటి దించిచూడున్రి. మొదలు పాణమంత కొట్టుకుంటది. లేచి ఉరుకబుద్ధయితది. ఉరుకొద్దు, గంతే."

సరళాదేవి కళ్లు మూసుకుంది. ఏది దించాలో లోపల ఏరుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత గొంతు సవరించుకుని, కోడలివైపు కాదు, దుకాణంవైపు తిరిగి పిలిచింది.

"సుదర్శన్! నా బీపీ గోలీ యాళ్లయింది బిడ్డా."

దుకాణంలో తక్కెడ చప్పుడు ఆగింది.

"ప్రమోదిని లేదా అవ్వా?"

"ఉన్నది. నా పక్కపొంటే కూసున్నది."

"మరి... ఏ గోలీ? ఎక్కడుంటయి?"

తెల్లది, అన్నం తిన్నాక సగం, అల్మారీలో పై అరలో, స్టీలు డబ్బా వెనక. ప్రమోదిని నాలుక చివరిదాకా వచ్చేసింది. కాళ్లు వాటంతటవే నేలకు ఆనాయి. ముసలావిడ ఆమె మోకాలు మీద చెయ్యి వేసి, గట్టిగా అదిమిపట్టింది.

"దేవులాడుకో బిడ్డా" అంది సరళాదేవి.